చివరి పేజీలో పక్కింటాయన

నా ఉద్యోగం తప్పులు పట్టడం. ఎవరో రాసిన సాఫ్ట్‌వేర్‌ని ఇంట్లో కూర్చుని అటూ ఇటూ నొక్కి చూసి, ఇక్కడ ఆగిపోతోంది, అక్కడ రెండుసార్లు వస్తోంది అని రాసి పంపిస్తాను. పద్దెనిమిదేళ్ళుగా ఇదే పని. ఆ బుద్ధి ఇంట్లోకి కూడా పాకిందని మావారి ఫిర్యాదు. స్టవ్ కట్టేశామో లేదో అని మోటర్‌వే దాకా వెళ్ళిన కారుని వెనక్కి తిప్పించిన రోజులున్నాయి, ఒప్పుకుంటాను. అలాంటి నేను పోయిన మే నెలలో, బతికున్న మనిషిని చనిపోయినట్టు ఒక దినపత్రికలో వేయించాను. అదీ ఆ మనిషి పక్కనే కూర్చుని.

మేముండేది న్యూజీలాండ్‌లో, ఆక్లాండ్ శివార్లలోని హెండర్సన్‌లో. మా పక్కింటాయనకి ఎనభై ఆరేళ్ళు. క్రొయేషియాలో సముద్రం ఒడ్డున ఒక ఊరు ఆయనది. కుర్రతనంలో ఇక్కడి ద్రాక్షతోటల్లో పనికొచ్చి ఉండిపోయారు. ఆ తోటలు ఇప్పుడు లేవు. మా గరాజ్ ఉన్నచోట ఆయన తీగలు కత్తిరించారట. నేను ఆయన్ని అంకుల్ అంటాను. ఆయన నన్ను సుసీదా అంటారు, వాళ్ళ భాషలో పక్కింటావిడ అని. ఆయన భార్యని ఆంటీ అనేదాన్ని. ఆవిడ కంచె మీంచి బకెట్ నిండా ఫీజోవాలు, చిన్న జామకాయల్లాంటి పళ్ళు, అందించేది, అవి అయ్యేదాకా మా ఇంట్లో అందరూ మొహాలు తిప్పుకునేవాళ్ళు.

ఆంటీ ఏప్రిల్ చివర్లో పోయింది. వెల్లింగ్టన్ నుంచి వాళ్ళమ్మాయి వచ్చి వారం ఉండి వెళ్ళింది. వెళ్తూ వెళ్తూ, నాన్నకి చూపు బాగా తగ్గింది, అమ్మ చదివినట్టు రోజూ ఒక్కసారి ట్యాబ్లెట్‌లో వాళ్ళ ఊరి పేపరు తెరిచి చదివి పెడతావా అని నన్నడిగింది. ఆ పిల్లకి ఆ భాష మాట్లాడటం కొంచెం వచ్చు, చదవడం అస్సలు రాదు. నాకు మాట్లాడటం రాదు. కానీ చదవడం రెండు రోజుల్లో వచ్చేసింది. మన తెలుగులాగే రాసింది రాసినట్టు పలకడమే, ఎక్కడా మోసం లేదు. అర్థం మాత్రం ఒక్క ముక్క తెలియదు. నేను గుడ్డిగా చదువుతుంటే ఆయన కళ్ళు మూసుకుని వినేవారు.

అది వాళ్ళ తీరప్రాంతపు దినపత్రిక. ఆయన వయసుదే ఇంచుమించు. యుద్ధంలో, పరాయి సైన్యం పట్నాల్లో ఉన్నప్పుడు, కొండ మీద దాక్కున్న వాళ్ళు చేత్తో తిప్పే మిషను మీద అచ్చువేసి మొదలుపెట్టారట. వాళ్ళ నాన్న కూడా గాడిద మీద కట్టెల మధ్య పెట్టి కొన్ని కట్టలు కిందికి దించాడట. తర్వాత రాజ్యం వాళ్ళదయింది, పేపరు రాజ్యానిదయింది. మళ్ళీ రాజ్యం మారింది, దేశం పేరే మారింది, పేపరు చేతులు మారింది.

"మొదటి పేజీ నాలుగుసార్లు మాట మార్చింది సుసీదా," అన్నారు ఒకరోజు. "చివరి పేజీ ఎప్పుడూ మార్చలేదు."

చివర్లో ఉండేవి చావు కబుర్లు. మూడు నాలుగు పేజీలు, వరసగా చిన్న చిన్న గళ్ళు, ఒక్కో గడిలో ఒక ఫోటో, పేరు, కింద రెండు మూడు ముక్కలు. అక్కడ అందరూ పేపరు వెనకనుంచే తెరుస్తారట. ఆ రోజుల్లో ఆక్లాండ్‌లో వాళ్ళ క్లబ్బుకి ఓడలో కట్టలు కట్టలుగా వచ్చేది, రెండు నెలల పాతవి. శనివారం తోట పనివాళ్ళంతా స్నానం చేసి, దువ్వుకుని వెళ్ళి, నిలబడే చివరి పేజీలు తిప్పేవాళ్ళట. ఒకసారి ఈయన వెళ్ళేసరికి అందరూ మాటలాపేశారు. ఒకతను పేపరు మడిచి చేతిలో పెట్టాడు. అందులో వాళ్ళ నాన్న ఫోటో ఉంది. ఉత్తరం ఆ తర్వాత తొమ్మిది రోజులకి చేరిందట.

మా నాన్న కూడా జిల్లా ఎడిషన్లో శ్రద్ధాంజలి ప్రకటనలు ముందు చూసేవారు. అందుకని ఇదంతా నాకు బాగా తెలిసిన విషయంలా అనిపించింది. అక్కడే దెబ్బ తిన్నాను.

మే రెండో వారంలో ఆయన, ఆంటీ కబురు పేపర్లో వేయించాలి అన్నారు. ఇక్కడ పూడ్చడం, చర్చిలో ప్రార్థన అన్నీ అయిపోయాయి. కానీ ఆ పేజీలో పడేదాకా ఊళ్ళో వాళ్ళకి ఆవిడ పోయినట్టు లెక్క కాదు. అక్కడ ఆ గడి కత్తిరించి చర్చి తలుపు పక్కన బోర్డు మీద అంటిస్తారట. పేపరువాళ్ళ వెబ్‌సైట్‌లో ఫారం ఉంది. ఆయన ఒక్కో అక్షరమే చెప్తుంటే నేను టైపు చేశాను. ఆంటీ పేరు, ఊరు, దూరదేశంలో ప్రశాంతంగా కన్నుమూసింది అని ఒక వాక్యం. కింద, "దుఃఖంలో ఉన్న కుటుంబం" అని మాత్రం చాలు అన్నారు. టైపు చేసిందంతా పైకి చదివి వినిపించాను, రెండుసార్లు. నా ఉద్యోగం అదే కదా.

ఆంటీ ఫోటో పెట్టాను. పక్కనే ఇంకో ఫోటో పెట్టడానికి చోటుంది. మన పేపర్లలో ఎలా ఉంటుంది? పైన పోయినవాళ్ళ ఫోటో పెద్దగా, కింద శ్రద్ధాంజలి ఘటించేవాళ్ళ ఫోటో చిన్నగా, పేరుతో సహా. అది లేకపోతే ఎవరిచ్చారో తెలియని అనాథ ప్రకటనలా ఉంటుంది. పోయిన క్రిస్మస్‌కి టై కట్టుకున్న అంకుల్ ఫోటో నా ఫోన్లో ఉంది. ఇన్నేళ్ళయింది, ఊళ్ళోవాళ్ళు ఈయన మొహం చూసి ఎంత సంతోషిస్తారో అనుకున్నాను. ఆ ఫోటో పెట్టి, కింద ఆయన పేరు కొట్టి పంపించేశాను. "ఫోటో పెట్టావా?" అనడిగారు. "పెట్టాను అంకుల్, చక్కగా వచ్చింది," అన్నాను. ఎన్ని పెట్టానో ఆయన అడగలేదు, నేను చెప్పలేదు. ఫోటోని పైకి చదవలేం కదా.

రెండో రోజు మధ్యాహ్నం, లంచ్‌కి లేచి వాళ్ళింటికి వెళ్ళి పేపరు తెరిచాను. చివరి పేజీల్లో ఉంది. నాకు ముచ్చటేసింది. ఇద్దరి ఫోటోలూ ఒకే సైజులో, పక్కపక్కన, పైన ఒక శిలువ.

"భలే వేశారు అంకుల్. మీ ఇద్దరివీ పక్కపక్కనే పెట్టారు," అన్నాను.

ఆయన కళ్ళు తెరిచారు. "ఎవరిద్దరివి?"

"మీదీ, ఆంటీదీ."

చాలా మెల్లిగా, చిన్నపిల్లకి చెప్పినట్టు చెప్పారు. ఆ పేజీలో ఫోటో పోయినవాళ్ళకే ఉంటుంది. ఏడ్చేవాళ్ళకి ఫోటో ఉండదు. రెండు ఫోటోలుంటే ఇద్దరూ పోయినట్టు. మొగుడూ పెళ్ళాం కలిసి పోతేనే అలా వేస్తారు.

తప్పు వాళ్ళది కాదు. రెండు ఫోటోలు, రెండు పేర్లు, కింద దుఃఖంలో ఉన్న కుటుంబం. ఎవరు చూసినా అదే అనుకుంటారు. ఎనభై ఏళ్ళుగా అబద్ధమాడని పేజీలో మొదటి అబద్ధం నాది.

మాకు పన్నెండున్నర అంటే వాళ్ళకి రాత్రి రెండున్నర. పేపరు ఆఫీసుకి ఫోన్ చేస్తే మోగి మోగి ఆగిపోయింది. మెయిలు రాశాను, మళ్ళీ రాశాను, పైన అర్జెంట్ అని పెట్టి ఇంకోసారి రాశాను. ఆన్‌లైన్లో తీసేసినా లాభమేముంది? అచ్చయిపోయింది. ఆ వేళకి కట్టలు వ్యాన్లలో ఎక్కి ఊళ్ళకి బయల్దేరి ఉంటాయి. ఊరు నిద్రలేవడానికి ఇంకా నాలుగు గంటలుంది. ఆ నాలుగు గంటలూ నేను చూస్తూ కూర్చోవాలి. జరగబోయేది తెలిసీ ఆపలేకపోవడం ఎంత నరకమో ఆ రోజు తెలిసింది.

రెండింటికి ఆఫీసు మీటింగ్‌లో కూర్చున్నాను. ఎవరో నా పేరు పిలిచి, ఇది రిలీజ్‌కి రెడీయేనా అనడిగారు. నాకు ఏడుపొచ్చింది. కెమెరా ఆపేశాను.

మావారు మోటర్‌వే ట్రాఫిక్‌లోంచి ఫోన్ చేస్తే సంగతి చెప్పాను. "అంటే ఆయన్ని నువ్వు చంపేశావన్నమాట. ఇన్నాళ్ళూ నన్నే అనుకున్నా," అన్నారు. నవ్వలేదు నేను. "సర్లే, దిద్దించుకుంటారులే. బతికున్నాడని చెప్పడానికి మనిషి ఉన్నాడుగా," అన్నారు. ఆ మాట కొంచెం బాగానే ఉందనిపించి మళ్ళీ పక్కింటికి వెళ్ళాను.

ఆయన కుర్చీలో అలాగే ఉన్నారు. "ఊళ్ళో వాళ్ళ సంగతి పర్వాలేదు. మా మేనకోడలు ఫోన్ చేస్తుంది, నవ్వుకుంటాం," అన్నారు. "తమ్ముడు కూడా చదువుతాడు."

ఆయనకి తమ్ముడున్నాడని నేను వినడం అదే మొదలు. ఊళ్ళో కాదు, దగ్గర్లో పట్నంలో ఒక్కడే ఉంటాడట. ముప్పై ఏళ్ళ పైగా మాటల్లేవు. వాళ్ళ దేశం రెండోసారి యుద్ధంలో పడ్డప్పుడు వాళ్ళమ్మ పోయింది. ఈయన వెళ్ళలేదు. తమ్ముడు ఫోన్ చేసి, ఇంక నాకు ఫోన్ చెయ్యకు అని పెట్టేశాడు. ఈయన చెయ్యలేదు. పోయినేడాది తమ్ముడికి గుండె ఆపరేషన్ అయిందని మేనకోడలి ద్వారా తెలిసిందట, అంతే.

గుండె ఆపరేషన్ అన్న మాట విన్నాక ఇంక నాకు కూర్చోబుద్ధి కాలేదు. పొద్దున్నే కాఫీ ముందు పెట్టుకుని పేపరు వెనకనుంచి తిప్పే ముసలాయన, అన్న ఫోటో, దాని పైన శిలువ. ఇప్పటిదాకా ఒక మనిషిని కాగితం మీదే చంపాను, ఇప్పుడు నిజంగానే ఇంకొకర్ని చంపబోతున్నాను. వంటగది కిటికీ దగ్గర నిలబడి మన దేవుళ్ళకి, గోడ మీదున్న వాళ్ళ మేరీమాతకి కలిపి దండం పెట్టుకున్నాను.

అయిదింటికి మేనకోడలు ఫోన్ చేసింది. ఈయన హలో అనగానే అవతల కెవ్వుమని కేక. తర్వాత ఇద్దరూ నవ్వారు, ఆవిడ ఏడ్చింది, మళ్ళీ నవ్వారు. అప్పటికే గడి కత్తిరించి బోర్డుకి అంటించేశారట, ఆవిడ పరిగెత్తి పీకేసింది. తమ్ముడి మాట అడిగితే, ఆయనతో మాట్లాడి ఏడాదయింది, నంబరు వెతికి పంపిస్తానంది. ఆరింటికి పేపరు ఆఫీసు తెరిచారు. ఫోనెత్తినావిడ ఇంగ్లీషులో ఎంతో ఓపికగా విని, రేపటి పేపర్లో ఆంటీ ఒక్కదాని ఫోటోతో మళ్ళీ వేస్తామంది, దిద్దుబాటు వాక్యంతో సహా. "ఇలా ఎందుకు జరిగింది?" అనడిగింది. మా దేశంలో ఏడ్చేవాళ్ళ ఫోటో కూడా వేస్తారండీ అన్నాను.

మర్నాడు సెలవు పెట్టి, పదింటికల్లా వాళ్ళింట్లో ఉన్నాను. కొత్త పేపరు అప్పుడే వస్తుంది. ఆంటీ గడి ఉంది, ఒక్క ఫోటోతో. కింద, భర్త జీవించే ఉన్నారు, పొరపాటుకి చింతిస్తున్నాం అని ఉందని ఆయన చెప్పారు. ఊపిరి పీల్చుకున్నాను. అదే పేజీ కిందికి జరిపితే, ఇంకో గడిలో అంకుల్ ఇంటిపేరు కనపడింది. పైన ఒక పాత ఫోటో, చెవులు పెద్దగా ఉన్న ఇరవయ్యేళ్ళ కుర్రాడు. ఈయనే. పోయినవాళ్ళకి చుట్టాలు విడివిడిగా ఆఖరి వీడ్కోలు వేయించడం అక్కడ మామూలేనట. నిన్న పొద్దున్న ఎవరో పట్నంలో ఇచ్చి వెళ్ళి ఉంటారు. ఆ రెంటినీ పక్కపక్కన పెట్టి చూసే తీరిక పేపరువాళ్ళకెక్కడుంటుంది?

"చదువు," అన్నారు.

చదివాను. నాలుగు వరసలు. ఎప్పటిలాగే ఒక్క ముక్క అర్థం కాలేదు, నా నోట్లోంచి ఏం వస్తోందో నాకే తెలియదు. రెండో వరస దగ్గర ఆయన చెయ్యి ఎత్తారు, ఆపమనేమో అనుకున్నాను. కాదు, కళ్ళకి అడ్డం పెట్టుకున్నారు. అయిపోయాక మళ్ళీ చదవమన్నారు. మూడుసార్లు చదివించుకుని అప్పుడు నాకు ఇంగ్లీషులో చెప్పారు.

"అన్నా, అమ్మ పోయినప్పుడు రాలేదని నీతో మాట్లాడలేదు. విమానాలు తిరగడంలేదని నాకూ తెలుసు. తెలిసే కోపం పెట్టుకున్నాను. క్షమించు. నీ తమ్ముడు."

నిన్నటి నా తప్పుకి ఇలాంటి ఫలితం వస్తుందని ఎవరు అనుకుంటారు? సంతోషించబోయాను. ఇంతలో టైము లెక్క గుర్తొచ్చింది. ఇదే పేపరు, ఇదే పేజీ, ఇంకో ఆరేడు గంటల్లో ఆ తమ్ముడి కాఫీ టేబుల్ మీదికి వస్తుంది. తను రాసింది చూసుకోవడానికే తెరుస్తాడు. దాని పైనే, అన్న బతికే ఉన్నాడని ఉంటుంది. ఆ గుండెతో.

"అంకుల్, పేపరు ఆయన చేతికి వెళ్ళకముందే మీరు ఫోన్ చెయ్యాలి. నంబరు వచ్చింది," అన్నాను.

ఆయన తల అడ్డంగా ఊపారు. "చెయ్యను."

"చూసి ఆయనకేమైనా అయితే?"

"నీకర్థం కాలేదు. వాడు ఇది చచ్చిపోయినవాడికి రాశాడు. బతికున్నవాడికి రాయలేదు. నేను హలో అన్న నిమిషంలో ఇదంతా వెనక్కి తీసుకుంటాడు." ట్యాబ్లెట్‌ని రెండు చేతులతో ఒళ్ళో పట్టుకున్నారు. "కొన్నాళ్ళు ఇలాగే ఉండనీ."

ఎనభై ఆరేళ్ళ మనిషి చచ్చిపోయినట్టే ఉండనీ అంటున్నారు, తమ్ముడి మంచి మాట పోతుందని. నాకు జాలేసింది, కోపమూ వచ్చింది. కోపం ఎక్కువ వచ్చింది. మధ్యాహ్నమంతా పోట్లాడాను. టోస్ట్ చేసి పెట్టాను, తినలేదు. మూడింటికి, పోనీ మేనకోడల్ని చెప్పమందాం అన్నాను, వద్దన్నారు. నాలుగున్నరకి ఇంక నావల్ల కాలేదు. ఆయన్ని అడక్కుండా నంబరు నొక్కి, స్పీకరు పెట్టి ఫోను ఆయన చేతిలో పెట్టేశాను. మళ్ళీ తప్పు చేస్తున్నానేమో తెలియదు, చేశాను.

మూడు రింగులయ్యాక ఒక బొంగురు గొంతు ఏదో అంది. ఇప్పుడే నిద్రలేచిన గొంతు. పేపరింకా చూడలేదు, దేవుడి దయ.

అంకుల్ ఏం మాట్లాడలేదు. నేను ఆయన భుజం పట్టుకుని కుదిపాను. అప్పుడు ఒక్క మాట అన్నారు. పేరనుకుంటాను.

అవతల ఏదో కుర్చీ జరిగిన చప్పుడు. కింద పడ్డాడేమో అనుకున్నాను. తర్వాత మొదలైంది అరుపు. ఎంత అరుపంటే అంకుల్ ఫోను దూరంగా పెట్టారు. తిట్లని భాష రాకపోయినా తెలిసిపోతుంది. నా మొహం మాడిపోయింది. ఆయన చెప్పినట్టే అయింది, వెనక్కి తీసుకుంటున్నాడు అనుకున్నాను. అరిచి అరిచి ఆ గొంతు జీరబోయింది, ఆగింది, దగ్గింది. ఆ తర్వాత చిన్నగా ఏదో అడిగింది. మళ్ళీ అడిగింది, ఇంకా చిన్నగా.

అంకుల్ అప్పుడు మాట్లాడటం మొదలుపెట్టారు. చాలాసేపు మాట్లాడారు. అవతలాయన మధ్యమధ్యలో ఊఁ అంటున్నాడు, మన ఊఁ లాగే. మాటల్లో ఆంటీ పేరు వినపడుతూనే ఉంది.

ఫోను పెట్టేశాక, "ఏమన్నారు? కోపం తగ్గిందా? రాసింది వెనక్కి తీసుకున్నారా?" అని ఆత్రంగా అడిగాను.

"దాని మాటే ఎత్తలేదు," అన్నారు. "తను ఎలా పోయింది, బాధపడిందా, అనడిగాడు."

రెండు వారాలుగా రోజూ ఆ ఇంటికి వెళ్తున్నాను. వేళకి వెళ్ళానా, సరిగ్గా చదివానా, ఫారం నింపానా, ఫోటో పెట్టానా, నా తప్పు ఎలా దిద్దుకోవాలి, ఇదే. ఆంటీ ఎలా పోయిందని నేనొక్కసారీ అడగలేదు. అంబులెన్స్ వచ్చినప్పుడు నేను మీటింగ్‌లో ఉన్నాను, అంతవరకే తెలుసు నాకు. సిగ్గుతో తల దించుకుని ఆయన ఎదురుగా కూర్చున్నాను.

"నాకూ చెప్పండి అంకుల్," అన్నాను.

"పొద్దున్నే నాకు చివరి పేజీ చదువుతోంది. ఒక పేరు దగ్గర ఆగింది. తెలిసినవాళ్ళెవరో పోయారు కాబోలు, ఏడుస్తోందేమో, కాసేపు కదిలించకూడదని నేనూ మాట్లాడలేదు," అన్నారు. "కాఫీ చల్లారిపోయేదాకా అలాగే కూర్చున్నాను, సుసీదా."